అడ్మిషన్ రిజిస్టరులో మాతృభాష గడి



న్యాయవాదిని కనుక రాజ్యాంగం గురించి మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. 350ఏ అధికరణం 1956లో ఏడవ సవరణ ద్వారా వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించే ఏర్పాట్లకు రాష్ట్రాలు పాటుపడాలని అది చెబుతుంది. దానిని మనం ఎన్నో సభల్లో చదువుకొన్నాం. నేడు మీ బల్ల మీది రిజిస్టర్ల గురించి మాట్లాడదలచాను.

తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఉంటే వారి భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. ఆ లెక్క తేలడానికి, బడులు తెరవకముందే దరఖాస్తులను నమోదు చేసుకొనే రిజిస్టరు ఉండాలన్నది తరువాతి నిర్ణయం. దానిని తెరవవలసినవారు మీరే.

కొన్నేళ్ల కిందట తమిళనాడులో ఒక బడికి వెళ్లాను. "తెలుగు కావాలని ఎవరూ అడగలేదండీ" అన్నారు ప్రధానోపాధ్యాయులు. ఆయన అబద్ధం చెప్పలేదు. అటువంటి రిజిస్టరు ఒకటి ఉండాలన్న సంగతే ఆయనకు తెలియదు. బడి వెనుక పారిశుద్ధ్య కార్మికుల పేట ఉంది. అక్కడి తల్లులు పిల్లలను తెలుగులోనే పిలుస్తున్నారు. అడ్మిషన్ రిజిస్టరులో మాత్రం ఆ పిల్లలందరి మాతృభాష తమిళం! అడగకుండానే నింపిన గడి అది.

అరుంధతియార్లలో చాలామంది ఇంటిభాష తెలుగు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వారికి 3 శాతం అంతర్గత రిజర్వేషన్ కల్పించింది. 2024లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. కులం వల్ల జరిగిన అన్యాయానికి చట్టం కొంతైనా జవాబు చెప్పింది. భాష వల్ల జరిగే నష్టం ఆ గడిలోనే మరుగున పడిపోతున్నది. మన ఉద్యమం సైతం ఆ పేటలకు ఆలస్యంగానే వెళ్లిందని ఒప్పుకోక తప్పదు.

పిల్లలు తమిళం నేర్వవద్దని నేననడం లేదు; వారి బతుకు అక్కడే. అయితే అర్థమయ్యే భాషలో అక్షరం దిద్దుకొనే అవకాశం చదువుకొన్నవారి బిడ్డలకే దక్కితే, దానిని సమానత్వమని నేను అనలేను. ఇటువంటి వ్యాజ్యాలలో మమ్మల్ని మొదట అడిగేది పిల్లలెందరని. దానికి నా వాదన చాలదు, మీ రిజిస్టరే కావాలి.

ఆ ప్రధానోపాధ్యాయులే మరుసటి ఏడు కొత్త రిజిస్టరు పట్టుకొని, తల్లులు పని నుంచి తిరిగివచ్చే వేళకు పేటకు వెళ్లారు. "ఇంట్లో ఏ భాష మాట్లాడతారమ్మా?" అని గడప గడపకూ అడిగారు. ఒకటో తరగతికి పదకొండు పేర్లు వచ్చాయి. ఉపాధ్యాయుడు ఇంకా రాలేదు. ఆ పుట నకలు జతపరచి అర్జీ పెట్టాం.