చేరినవారెందరు, నిలిచినవారెందరు

(వార్షిక సభలో సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మమ్మల్ని ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. "మనం చదివిస్తున్న పిల్లల్లో ఎంతమందికి ర్యాంకులొచ్చాయి?" న్యాయమైన ప్రశ్నే. మీరిచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్. దానికి లెక్క చెప్పాల్సింది మేమే. అయితే ర్యాంకులు మాత్రమే చెబితే సగం లెక్కే చెప్పినట్లవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో దారి పొడవునా జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కనిపిస్తాయి. ఫలితాలు వచ్చిన మర్నాడు ఫ్లెక్సీల నిండా ర్యాంకర్ల ముఖాలే. ఆ తరగతిలో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో ఎంపీసీ వదిలి సీఈసీకి మారారు, ఎందరు పరీక్ష దాకా నిలిచారు అనేది ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. దాతల సొమ్ముతో నడిచే మనం ఆ లెక్కలు కూడా రాసుకోవాలి.

మార్కులు చూసే పద్ధతి కూడా మారాలి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. నమూనా పరీక్షలో ఇద్దరు అమ్మాయిలకు 320 చొప్పున వచ్చాయనుకుందాం. ఒకమ్మాయి 80 ప్రశ్నలు రాసి, ఎనభైూ సరిగ్గా చేసి, మిగతా 100 వదిలేసింది. రెండో అమ్మాయి అన్నీ రాసింది. 100 ఒప్పు, 80 తప్పు. మొదటి అమ్మాయికి పాఠాలు పూర్తి కాలేదా, లేక భయమా అన్నది కనుక్కోవాలి. రెండో అమ్మాయి ఆ 80 వదిలేసి ఉంటే 400 వచ్చేవి. మార్కులు ఒకటే అయినా ఇద్దరికీ చేయాల్సిన సాయం వేరు.

జేఈఈ పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంటర్ పాస్ కావడానికి 35 శాతం చాలు. కానీ ఎన్ఐటీ సీటుకు జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. కోచింగ్ ధ్యాసలో ఇంటర్ పాఠాలు పక్కనపెడితే, వచ్చిన ర్యాంకు కూడా చేజారిపోవచ్చు.

మొదటి ఏడాది మార్కులు తగ్గినవారికి స్కాలర్‌షిప్ ఆపి, ఆ సొమ్ము బాగా చదివేవారికే ఇవ్వాలని కొందరు పెద్దలు సూచించారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్ పుస్తకం పట్టిన బిడ్డకు ఫిజిక్స్ కన్నా ముందు భాషే అడ్డొస్తుంది. ఆ మొదటి నెలల మార్కులు చూసి చేయి వదిలేస్తే, ఆ బిడ్డ చదువు అక్కడే ఆగిపోతుంది.

అందుకే మా విన్నపం ఇది. క్లాసుకు క్రమం తప్పకుండా వస్తూ, వారం వారం పరీక్ష రాస్తూ, తన పాత మార్కును తానే దాటుతున్న విద్యార్థికి స్కాలర్‌షిప్ ఆపవద్దు. రావడం మానేసిన బిడ్డ ఉంటే ముందు ఆ ఇంటికి వెళదాం. బస్సు ఛార్జీలు లేవా, తండ్రి దుకాణంలో కూర్చోవాల్సి వచ్చిందా, పెళ్లి మాటలు నడుస్తున్నాయా అని అడుగుదాం. ఆ కోర్సు మీద మనసు లేదని తెలిస్తే, మనసున్న కోర్సులోకి మారడానికి సాయపడదాం. అదీ మన పనే.

వచ్చే ఏడాది ఇదే సభలో మీ ముందు మూడు సంఖ్యలు పెడతాం. ఈ కోర్సుల్లో చేరినవారెందరు, చివరిదాకా నిలిచినవారెందరు, తమ మొదటి మార్కును దాటినవారెందరు. ర్యాంకులు ఆ తర్వాత చెబుతాం. అప్పుడు మమ్మల్ని నిలదీసి అడగండి. మా పిల్లల కోసం దుఆ చేయండి.

సెలవు. ఖుదా హాఫిజ్.