యజమాని లేని గ్రంథమునకు ఏలుబడి



ఊరి చెఱువు ఎవరిదని అడిగిన, అందఱిదియే యందురు. కట్టకు గండిపడిననాడు బాగుచేయవలసినవారెవరని అడిగిన, ఒకరి మొగము నొకరు చూచుకొందురు. అందఱిదియైన వస్తువునకు ఇది మొదటి చిక్కు. రెండవ చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. ఎట్లో నలుగురు పూనుకొని కట్ట పోయుదురు. కొన్నాళ్లకు ఆ నలుగురే తూము తమ చేతనుంచుకొని, ఏ పొలమునకు నీరు పాఱవలెనో తామే నిర్ణయింప మొదలిడుదురు. పనిచేయువాడు లేకున్న చెఱువు పూడిపోవును. పనిచేసినవాడే ప్రభువైన, చెఱువు ఊరిది కాకపోవును. ఈ రెంటి నడుమ త్రోవ తీయుటయే ఏలుబడి.

నేడు నేను చెప్పదలచినది నీటి చెఱువును గుఱించి కాదు, విజ్ఞానతటాకమును గుఱించి. దాని పేరు వికీపీడియా. మీలో కొందఱకు ఆ పేరు క్రొత్త కావచ్చును గాని, మీ మనుమలకు క్రొత్త కాదు. వారు చేతి ఫోనులో ఏ సంగతి వెదకినను తఱచుగా ముందు కనబడు విజ్ఞానసర్వస్వము అదియే. 2001 జనవరి 15వ తేదీన అమెరికాలో జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనువారు దానిని ఆరంభించిరి. నేడది 300లకు మించిన భాషలలో నున్నది. వ్రాయువారికి జీతము లేదు. ఎవరైనను వ్రాయవచ్చును, ఇతరులు వ్రాసినదానిని దిద్దవచ్చును. ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చిరో అంతయు చరిత్రగా నిలిచియుండును. తప్పుడు దిద్దుబాటు జరిగినచో, పాతపాఠమును తిరిగి నిలుపవచ్చును.

విజ్ఞానసర్వస్వమను మాట తెలుగువారికి క్రొత్త గాదు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలపెట్టి, మహాశ్రమకోర్చి మూడు సంపుటములు వెలువరించి, 1923లో దివంగతులైరి. అప్పటికి గ్రంథము అకారమును దాటలేదు. ఒక మహనీయుని ఆయువునకు మించిన కార్యమది. వికీపీడియా ఆ భారమును ఒక్కరి తలమీదినుండి దించి, వేలమంది భుజములకెత్తినది. తెలుగు కూర్పు 2003 డిసెంబరులో ఆరంభమైనది. అందలి ఉత్తమసేవకులకు ఇచ్చు పురస్కారమునకు పంతులుగారి పేరే పెట్టుకొనిరి. అది ఉచితమైన కృతజ్ఞత.

కాని వేలమంది ఒకే గ్రంథమును వ్రాయునపుడు తగవు రాక మానునా? నా అనుభవమే చెప్పెదను. ఉద్యోగవిరమణానంతరము నేనును అందు మా గ్రామమును గుఱించి వ్రాసితిని. మా ఆలయమును ఒకానొక రాజు కట్టించెనని మా తాతగారివలన విన్నమాటను చేర్చితిని. మఱునాడు చూడగా ఆ వాక్యము లేదు. ఎవరో తొలగించి, ఆధారము చూపవలెనని కారణము వ్రాసిరి. 35 ఏండ్లు పాఠము చెప్పినవాడనగుటచే నాకు కోపము వచ్చినది. ప్రతి వ్యాసమునకును చర్చాపుట యొకటి కలదు. అందు, నా మాటకంటె వేఱు ఆధారమేల యని వ్రాసితిని. దానికి వచ్చిన ప్రత్యుత్తరమిది: మాస్టారూ, మీయందు మాకు గౌరవము కలదు, కాని రేపు మఱియొకరు వచ్చి వేఱొక రాజు పేరు చెప్పి, తమ తాతగారును అట్లే చెప్పిరనిన మేమేమి చేయవలెను?

నాకు సమాధానము దొరకలేదు. శాసనముల గ్రంథములు తిరుగవేసితిని. ఆ రాజు పేరును దొరకలేదు. ఆ వాక్యము లేకుండగనే వ్యాసము నిలిచినది. నాతో వాదించినవాడు నా శిష్యుని కుమారుని ఈడువాడని తరువాత తెలిసినది. వయస్సు చూపి గెలువరాని సభ యొకటి లోకమున నున్నదని నేనప్పుడు తెలిసికొంటిని. మొదట కష్టముగా తోచినను, క్రమముగా అది న్యాయమనియే తోచినది.

అక్కడి పద్ధతి యిది. ఊరక చేతులు లెక్కించుటకంటె, వాదములను తూచి ఏకాభిప్రాయమునకు వచ్చుట మేలని వారి మతము. తగవు ముదిరినచో పుటలకు తాళము వేయుటకును, అల్లరి చేయువారిని ఆపుటకును నిర్వాహకులు కలరు. వారిని తోడి సేవకులే చర్చించి నియమింతురు. ఇంగ్లీషు కూర్పునకు 2004 ఆరంభమునుండి మధ్యవర్తుల సంఘము కూడ కలదు. కడపటి తగవులు అక్కడ తీఱును. మన రచ్చబండ పెద్దలకు ఈ పద్ధతి వింతగా తోచదు.

ఇంతవరకు ఇంటిలోని మాట. ఇంటికి అద్దె కట్టువాడెవడు? యంత్రములు కొనవలెను, వానిని నడుపవలెను. అందులకు 2003 జూన్ 20వ తేదీన వికీమీడియా ఫౌండేషన్ అను ధర్మసంస్థ ఏర్పడినది. లోకులిచ్చు చందాలే దానికి ఆధారము. ఇటీవల దాని సాలు వ్యయము 15 కోట్ల డాలర్లకు మించినది. దానికి ధర్మకర్తల మండలి కలదు. 2004లో ఇద్దఱు ధర్మకర్తలను సేవకులే ఓట్లు వేసి ఎన్నుకొనిరి. వ్రాయువారు లక్షలు, సొమ్మును యంత్రములును చూచువారు కొందఱు. వీరిలో ఎవరి మాట పైది? ఇరువదేండ్లకు పైబడి ఆ సంఘమును వేధించిన ప్రశ్న యిదియే.

మొదటి పరీక్ష ఫౌండేషన్ పుట్టకమునుపే వచ్చినది. 2002 ఫిబ్రవరిలో, వికీపీడియాలో ప్రకటనలు వేయుదురేమో యను మాట బయలుదేరినది. స్పానిషు భాషలో వ్రాయుచున్నవారు దానికి సమ్మతింపలేదు. వారిలో అధికసంఖ్యాకులు తాము వ్రాసినదంతయు తీసికొని, సెవిల్ విశ్వవిద్యాలయముననున్న యంత్రములపై వేఱు విజ్ఞానసర్వస్వమును స్థాపించుకొనిరి. వ్రాసినదానిని ఎవరైనను కొనిపోవచ్చునని మొదటనే ఒడంబడిక యుండుటచే, వారినెవరును ఆపలేకపోయిరి. ప్రకటనలు మాత్రము నేటివరకును రాలేదు. లేచిపోవు హక్కు కలవాని మాటకు సభలో బరువు కలుగును.

రెండవ పరీక్ష 2014 ఆగస్టులో. చిత్రములు చూపు క్రొత్త ఉపకరణమును ఫౌండేషన్ ప్రవేశపెట్టగా, జర్మను సేవకులు అది మాకు వద్దనిరి. ఫౌండేషన్ వారు, ఆ సేవకులు నియమించుకొన్న నిర్వాహకులు సైతము తెఱవలేని తాళమొకటి చేసి వేసిరి. పెద్ద కలకలము పుట్టినది. 2015 నవంబరులో ఆ తాళమును తీసివేసిరి. మూడవది 2019 జూన్‌లో. ఇంగ్లీషు కూర్పులో చిరకాలము పనిచేసిన నిర్వాహకుని ఒకనిని ఫౌండేషన్ ఏడాదిపాటు వెలివేసి, కారణములు బయటపెట్టలేదు. ఫిర్యాదు చేసినవారి రక్షణకొఱకు గోప్యము తప్పదనిరి. నిందితునకు సాక్ష్యము చూపని తీర్పు తీర్పెట్లగునని సేవకులనిరి. ఇరువదిమందికి పైగా నిర్వాహకులు పదవులు విడిచిరి. తుదకు ఆ సంగతిని మధ్యవర్తుల సంఘమునకు అప్పగింపగా, సెప్టెంబరులో వారు నిషేధమును తొలగించిరి. పోయిన పదవిని మాత్రము తిరిగి ఈయలేదు. రెండు పక్షములందును కొంత న్యాయము కలదని ఆ తీర్పే చెప్పుచున్నది.

ఇవి విని, పైవారి పెత్తనమే దోషము, స్థానికులకు వదలిన చాలునని మీరనుకొందురేమో. క్రొయేషియా భాషలోని వికీపీడియా కథ వినుడు. అక్కడ కొద్దిమంది నిర్వాహకులు ఒకే రాజకీయభావము కలవారు చేరి, ఎదిరించినవారిని వెలివేయుచు, చరిత్రను తమకు నచ్చినట్లు త్రిప్పి వ్రాసిరి. 2013లో ఆ దేశపు విద్యామంత్రి, దానిని నమ్మవలదని విద్యార్థులకు బహిరంగముగా చెప్పవలసివచ్చినది. ఆ పెత్తనము పోవుటకు ఇంకను ఏడేండ్లు పట్టినది. 2021లో ఫౌండేషన్ ఆ వృత్తాంతమంతయు నివేదికగా ప్రకటించినది. దూరపు దొర అన్యాయము చేయవచ్చును. దగ్గఱి ముఠా అంతకంటె ఎక్కువ చేయవచ్చును. చిన్న భాషలకు ఈ రెండవ భయమే పెద్దది. వ్రాయువారు పదిమందియే యైనచోట ముగ్గురు కూడిన, అదియే ప్రభుత్వము.

కావున అందఱికిని వర్తించు కట్టుబాటు వలెనని తోచి, 2020లో పది సిఫారసులను ఏర్పఱచుకొనిరి. నిర్ణయములు చేయుటలో అందఱికి సమభాగముండుట వానిలో నొకటి. 2021లో పదునైదుగురితో శాసనరచనా సంఘము ఏర్పడినది. ఏడుగురిని సేవకులు ఎన్నుకొనిరి. ఆఱుగురిని దేశదేశముల అనుబంధ సంఘములు ఎంచుకొన్నవి. ఇద్దఱిని ఫౌండేషన్ నియమించినది. ఎవరి అధికారమెంతయో నిర్ణయించి, విశ్వమండలి యను ప్రతినిధిసభను నెలకొల్పవలెనని వారి శాసనపత్రము చెప్పినది. 2024 జూన్ 25 మొదలు జూలై 9 వఱకు ఓట్లు తీసికొనిరి. అటో ఇటో చెప్పిన సేవకులలో నూటికి 73 మంది ఔననిరి. సంఘములలో నూటికి సుమారు 84 ఔననినవి. కాని ధర్మకర్తల మండలియొక్క ఆమోదము కూడ కావలెను. ఆ మండలి కాదన్నది. ఆ రూపమున విశ్వమండలివలన వ్యయప్రయాసలకు తగిన మేలు కలుగునన్న నమ్మకము తమకు లేదని, ముందు చిన్న చిన్న సంఘములతో ప్రయోగము చేయుదమని వారి వాదము.

మూడేండ్ల శ్రమ అట్లు నిలిచిపోయినది. ఎవరిని తప్పు పట్టవలెను? ఖజానా కాపాడువారు సందేహించుట ధర్మమే. కాని అధికారము పంచుమని అడిగిన ప్రశ్నకు, అధికారము కలవారే కడపటి తీర్పరులగుట విచారింపదగినది. మఱియొక సంగతి కూడ చెప్పవలెను. లోకమంతటి సంఘములో ఆ నాడు ఓటు వేసినవారు 2,400 పైచిలుకు మాత్రమే. మాటాడనివారి మౌనము కూడ ఒక తీర్పే. అది ఎప్పుడును ఉన్నవారి పక్షమున చేరును.

పదవ శతాబ్దమున, పరాంతకచోళుని కాలమున, ఉత్తరమేరూరి గ్రామసభవారు తమ నియమములను గుడి గోడమీద చెక్కించిరి. అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, బాలునిచే తీయించి, సంఘములను ఏర్పఱచిరి. గత మూడేండ్లలో పనిచేసినవాడు మరల అర్హుడు కాడు. లెక్క ఒప్పజెప్పనివాడు ఎన్నడును అర్హుడు కాడు. పదవికి గడువు, ధనమునకు లెక్క, నియమము నలుగురు చదువుచోట నుండుట: ఈ మూడును లేక అందఱి వస్తువు అందఱిదిగా నిలువదు. వికీపీడియావారు వెదకుచున్నదియు ఇదియే.

ఉపాధ్యాయుడనైన క్రొత్తలో నేను పనిచేసిన గ్రామమున పఠనమందిరము నొకటి నడపితిమి. తాళపుచెవి, చందాపుస్తకము ఒక పెద్దమనిషియొద్దనే యుండెడివి. ఆయన దొంగ కాడు. ఎవరును అడుగరైరి, ఆయన చూపడయ్యెను. ఆయన పోయిన పిదప గది తెఱచి చూచితిమి. పుస్తకములను చెదలు తినివేసినవి. ఆ దోషము ఆయనది మాత్రమే కాదు. అడుగని మా అందఱిది.

అందుచే పెద్దలకు నా మనవి ఇంతియే. మన భాషలోని ఈ చెఱువు ఎవరో దూరదేశీయులది కాదు. మీ ఊరి పుట ఎట్లున్నదో మనుమని చేత ఒకసారి చదివించుకొని వినుడు. తప్పున్న, ఆధారము చూపి దిద్దించుడు. చర్చ జరుగుచోట మీ మాటయు వ్రాయించుడు. ఓటు వచ్చిననాడు అర్హులైన పిల్లలను ఓటు వేయుమనుడు. ఓడిపోవుటకును సిద్ధపడియుండుడు. నేను ఓడితిని, మా ఊరి పుట మాత్రము దానివలన బాగుపడినది.