ఎవరి ఆదితో కుట్టిన చొక్కా ఇది?

(కవిటిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రం గురించి మాట్లాడమంటే ఈయన టైలరు గురించి మొదలెట్టాడేటి అనుకోకండి. మన కత ఆ మాటల్లోనే ఉంది.

'టైలర్' అన్న మాట ఇంగ్లిషువాళ్లకి ఫ్రెంచి నుంచి వచ్చింది. మూలంలో దాని అర్థం కోసేవాడు. రిటైల్, డిటైల్ అన్న మాటలదీ అదే వేరు, ముక్కలు చేయడమే. 'దర్జీ' పారశీకం నుంచి వచ్చింది. అక్కడ 'దర్జ్' అంటే కుట్టు, అతుకు. సంస్కృతంలో సౌచికుడు, అంటే సూది పట్టినవాడు. తెలంగాణలో ఈ వృత్తి చేసే కులం పేరు మేర. కాజా, బొత్తాం అన్న మాటలు పోర్చుగీసువాళ్ల వెంట వచ్చాయి. పని ఒక్కటే. ఒక భాషకి అందులో కత్తెర కనిపించింది, ఇంకో భాషకి సూది కనిపించింది.

మన ఉద్దానానికి మాత్రం కత్తెరే బాగా తెలుసు. ఒకప్పుడు మనది గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ జిల్లాని నడిమికి కోశారు. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. బరంపురంలో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది, ఇచ్ఛాపురంలో ఒరియా వినిపిస్తుంది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో మళ్లీ విభజన. ఇన్నిసార్లు గుడ్డ కోశారు. ఒక్కసారైనా మన ఒంటి కొలత తీసుకున్నారా?

దర్జీ కొట్టులో ఇంకో మాట ఉంది, 'ఆది'. కొత్త జాకెట్టు కుట్టించాలంటే సరిపోయే పాత జాకెట్టు ఆదిగా ఇస్తాం. ఇతరుల ఆది ఇచ్చి, మనకి బిగుతైందని ఏడిస్తే లాభమేటి? మనకి జరిగింది అదే. పథకాలన్నీ డెల్టా వరిచేను ఆదితో కుట్టినవి. ఉద్దానానిది వరిచేను కాదు. కొబ్బరి, జీడి, పనస తోటలది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తేడా తెలిసింది. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ ఊడుస్తాం. దేశవాళీ కొబ్బరి పోతే మొక్క నాటి ఆరేడేళ్లు కాపు కోసం కూర్చోవాలి. ఒక్క పంట లెక్కన ఇచ్చే పరిహారం ఆ ఆరేడేళ్లకి ఎలా సరిపోతుంది?

కిడ్నీ జబ్బుదీ అదే కత. 1990ల నుంచీ ఊళ్లు చెబుతూనే ఉన్నాయి. పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. కట్టారు, కాదనను. కానీ ఆ మధ్య పోయిన ప్రాణాలని ఏ రఫూ అతుకుతుంది?

ఇక మనలో మాట. ప్రత్యేక రాష్ట్రం అంటే కత్తెర పని అనుకుంటే మనమూ పాత టైలర్లమే. రేపు విశాఖపట్నం రాజధాని అయ్యి, కవిటి, కంచిలి, మందస దాని చివరి అంచుగా మిగిలిపోతే, చొక్కా మారుతుంది గానీ ఆది మారదు. అందుకే గీత ఎక్కడ గీయాలన్నదానికన్నా ముందు కొలతలు రాసుకుందాం. ఏ ఊరికి ఏ నీరు కావాలి, కొబ్బరికాయకి ధర ఎవరు కడుతున్నారు, వలస పోయిన గుంటలు ఎంతమంది, డయాలసిస్‌కి ఎంత దూరం పోతున్నారు? విద్యార్థులు ఊరూరా తిరిగి అడగండి. ఉద్యోగులు ఆఫీసు కాగితాల భాష తెలిసినవాళ్లు, అవి లెక్కగా కూర్చి పెట్టండి. ఆ కాగితమే మన ఆది. అది చేతిలో ఉంటే ఏ ప్రభుత్వం ముందైనా నిలబడి మాట్లాడగలం.

కోసేవాళ్లని ఇంతకాలం చూశాం. ఇక కుట్టేవాళ్లం అవుదాం.

జై కళింగాంధ్ర!