కోచ్‌ని మారిస్తే టీమ్ మారిపోద్దా? సన్‌రైజర్స్ లెక్క చూద్దాం రండి

సాలూరు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను.

2025 సీజన్‌లో మన సన్‌రైజర్స్ ఆరో స్థానంలో ఆగిపోయిన దగ్గర్నుంచీ నా ఇన్‌బాక్స్‌లో ఒకటే గోల. "అన్నా, వెటోరిని తీసేయాలి, కొత్త కోచ్ కావాలి." సరే ఎవరు కావాలి అంటే తలో పేరు. ఒకడైతే ఏకంగా మళ్లీ టామ్ మూడీనే తెమ్మన్నాడు! అందుకే ఈరోజు కోచ్‌ని ఎలా ఎంచుకోవాలో మాట్లాడుకుందాం. నా మాట ముందే చెప్పేస్తాను, తిట్టేవాళ్లకి టైమ్ కలిసొస్తది. క్రికెట్‌లో కోచ్ ఒక్కడినీ ఎంచుకోవడం అనేది లేదు. కోచ్, కెప్టెన్ ఇద్దరినీ జోడీగా ఎంచుకోవాలి. హైదరాబాద్ టీమ్ ఈ విషయం రెండు మూడుసార్లు నేర్చుకుంది, మళ్లీ మర్చిపోయింది.

ఎందుకు జోడీ అంటున్నానో చెప్తా. అమెరికాలో బేస్‌బాల్ ఉంది కదా, అక్కడ మన హెడ్ కోచ్ లాంటాయన్ని మేనేజర్ అంటారు. ఆయన కూడా ప్లేయర్లలాగే టీమ్ డ్రెస్ వేసుకుని డగౌట్‌లో ఉంటాడు. బాల్ విసిరేవాడు అలసిపోయాడనిపిస్తే ఆట మధ్యలో నడుచుకుంటూ లోపలికెళ్లి, వాడి చేతిలోంచి బాల్ తీసేసుకుని ఇంకొకడిని పిలుస్తాడు. అంటే అక్కడ ఒక మంచి మనిషిని పట్టుకుంటే చాలావరకు పని అయిపోద్ది. మన దగ్గర అలా కాదు. కోచ్ ఎంత ప్లాన్ రాసిచ్చినా 17వ ఓవర్ ఎవరికివ్వాలో గ్రౌండ్‌లో నిలబడి తేల్చేది కెప్టెన్. టైమ్‌అవుట్‌లో వాటర్ బాటిల్ పట్టుకుని లోపలికెళ్లి రెండు మాటలు చెప్పడం తప్ప కోచ్ చేతిలో ఏమీ ఉండదు. (ఆశిష్ నెహ్రా సంగతి వేరు. ఆయన బౌండరీ లైన్ పట్టుకుని మ్యాచ్ అంతా తిరుగుతూ అరుస్తూనే ఉంటాడు. బేస్‌బాల్ మేనేజర్ అవ్వాల్సినోడు పొరపాటున ఇటొచ్చాడు.)

ఇప్పుడు మన చరిత్రకి వద్దాం. 2008లో డెక్కన్ చార్జర్స్. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, రోహిత్ శర్మ, లక్ష్మణ్... పేపర్ మీద భయంకరమైన టీమ్. 14 మ్యాచ్‌ల్లో గెలిచింది 2. చిట్టచివరి స్థానం. 2009లో కోచ్‌గా డారెన్ లీమన్‌ని తెచ్చారు, సీజన్ మొదటి నుంచీ కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కి ఇచ్చారు. ఇద్దరూ ఆస్ట్రేలియాకి కలిసి ఆడినవాళ్లే. ఆ ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాలో జరిగింది. జొహానెస్‌బర్గ్ ఫైనల్‌లో బెంగళూరు మీద 6 పరుగులతో కప్పు కొట్టారు. లాస్ట్ నుంచి ఫస్ట్!

ఇక్కడిదాకా విని "చూశావా అన్నా, కోచ్‌ని మారిస్తే కప్పొచ్చింది" అంటారు. ఆగండి. 2011 ఆక్షన్‌లో గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి పోయాడు, రోహిత్, సైమండ్స్ ముంబైకి పోయారు. కోచ్ మాత్రం అదే లీమన్. ఏమైంది? ఆ ఏడాది ఏడో స్థానం, తర్వాతి ఏడాది ఎనిమిది. అదే మనిషి, అదే బుర్ర. జోడీ లేదు, ప్లేయర్లు లేరు, అంతే.

సన్‌రైజర్స్ దగ్గరికొస్తే, 2013 నుంచి 2019 దాకా టామ్ మూడీ. 7 సీజన్లలో 5 సార్లు ప్లేఆఫ్స్, 2016లో కప్పు. మూడీ, వార్నర్ జోడీ. ఆ ఫైనల్లో మనం ఓడించిన బెంగళూరుకి అప్పుడు కోచ్ ఎవరో తెలుసా? డేనియల్ వెటోరి! ఈ మనిషి మన చేతిలో 8 పరుగులతో ఓడిపోయి, ఆ తర్వాత మన దగ్గరికే వచ్చాడు.

2019 జులైలో మూడీని మార్చి ట్రెవర్ బేలిస్‌ని తీసుకున్నారు. అదే నెలలో ఇంగ్లండ్‌కి వరల్డ్ కప్ గెలిపించిన కోచ్. అంతకుముందు కోల్‌కతాకి రెండు ఐపీఎల్ కప్పులు. రెజ్యూమే చూస్తే ఎవడైనా రెండో రౌండ్ లేకుండా ఆఫర్ లెటర్ ఇచ్చేస్తాడు. 2020లో బానే ఆడారు, క్వాలిఫయర్-2 దాకా వెళ్లారు. 2021లో చూడండి సినిమా. హెడ్ కోచ్ బేలిస్, ఆయన పైన డైరెక్టర్‌గా మళ్లీ మూడీ, మెంటర్ లక్ష్మణ్, బౌలింగ్ కోచ్ మురళీధరన్. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుద్ది. ఒక ప్రాజెక్ట్‌కి నలుగురు మేనేజర్లు ఉంటే డైలీ కాల్‌లో ఎవరికి అప్‌డేట్ ఇవ్వాలో తెలీక చచ్చిపోతాం. సీజన్ మధ్యలో, మే 1న వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేశారు. తర్వాత టీమ్ నుంచే తప్పించారు. కారణం తనకి ఎవరూ సరిగ్గా చెప్పలేదని అతనే తర్వాత ఇంటర్వ్యూల్లో అన్నాడు. 14లో 3 విజయాలు, లాస్ట్ ప్లేస్.

ఒక్క వార్నర్ కథే కాదు ఇది. 2017లో ఇండియా టీమ్‌కి కుంబ్లే కోచ్, కోహ్లీ కెప్టెన్. ఫలితాలు బాగానే ఉన్నాయి. కానీ తన పద్ధతి కెప్టెన్‌కి నచ్చట్లేదని బోర్డు చెప్పడంతో కుంబ్లే ఏడాదికే తప్పుకున్నాడు. ఇద్దరూ గొప్పోళ్లే, కలిపితే మాత్రం కుదర్లేదు.

2022లో మళ్లీ మూడీ, ఎనిమిదో స్థానం. 2023కి బ్రయాన్ లారా. టెస్టుల్లో 400 నాటౌట్ కొట్టిన మనిషి మన కోచ్ అంటే అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం కదా. పదో స్థానం, 4 విజయాలు. కెప్టెన్ మార్‌క్రమ్ పనికిరాడన్నారు. అయితే వినండి. అదే మార్‌క్రమ్, ఇదే ఓనర్లకి దక్షిణాఫ్రికాలో ఉన్న సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్‌కి కెప్టెన్‌గా 2023 ఫిబ్రవరిలో కప్పు కొట్టాడు. 2024లో మళ్లీ కొట్టాడు. అక్కడ కోచ్ ఏడ్రియన్ బిరెల్. మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? లారా పక్కన నిలబెడితే ఎవడూ సెల్ఫీ అడగడు. మార్‌క్రమ్‌తో జోడీ కుదిరింది మాత్రం ఆయనకే.

మా సాలూరోళ్లకి లారీ భాషలో చెప్తే తొందరగా ఎక్కుద్ది. ఆక్షన్‌లో లారీ కొనేది ఓనర్. ఇంజిన్ సెట్ చేసేది మెకానిక్, అంటే కోచ్. లోడ్‌తో పి.కోనవలస ఘాట్ ఎక్కించేది డ్రైవర్, అంటే కెప్టెన్. మలుపులో బండి ఆగిపోయిన ప్రతిసారీ మెకానిక్‌ని మారుస్తానంటే ఎట్లా? ముందు లోడ్ ఎంత వేశారో చూడాలి కదా.

2023 ఆగస్టులో వెటోరిని తీసుకున్నారు. డిసెంబర్ ఆక్షన్‌లో కమిన్స్‌ని 20.50 కోట్లకి కొంటే అందరూ నవ్వారు, కావ్య మారన్ మీద మీమ్స్ వేశారు. కానీ వెటోరి అప్పటికే ఆస్ట్రేలియా టీమ్‌లో అసిస్టెంట్ కోచ్, అక్కడ కెప్టెన్ కమిన్స్. అంటే జోడీ ముందే తయారుగా ఉంది, మనవాళ్లు దాన్ని తెచ్చుకున్నారు. తర్వాత మీకు తెలిసిందే. బెంగళూరు మీద 287. ఢిల్లీ మీద పవర్‌ప్లేలో 125. లక్నో మీద 166 టార్గెట్‌ని 9.4 ఓవర్లలో, వికెట్ పడకుండా. లాస్ట్ ప్లేస్ నుంచి ఏడాదిలో ఫైనల్‌కి.

ఆ ఫైనల్లో చెన్నైలో 113కి ఆలౌట్ అయ్యాం, అదీ నిజమే. వెటోరి మీద నా కంప్లయింట్ అదే. పిచ్ ఏదైనా ఒకటే గేర్. 2025లో మొదటి మ్యాచ్‌లో 286 కొట్టి, వరసగా నాలుగు ఓడిపోయారు. బౌలింగ్ కూడా చూడండి. భువనేశ్వర్‌ని, నటరాజన్‌ని వదిలేశారు. భువీ బెంగళూరుకి వెళ్లి అదే ఏడాది కప్పు ఎత్తాడు. ఇందులో కోచ్ తప్పు ఉంది, ఆక్షన్ టేబుల్ దగ్గర ఆయనా కూర్చున్నాడు. కానీ ఆయన్ని తీసేస్తే కమిన్స్‌తో జోడీ కూడా పోద్ది. అందుకే నా ఓటు ఉంచమనే.

ఒకవేళ రేపు నిజంగా మార్చాల్సి వస్తే, ఇంటర్వ్యూలో నేనైతే కప్పుల లెక్క అడగను. "మీకూ కెప్టెన్‌కీ పడని రోజు ఒకటి చెప్పండి, ఆరోజు ఏం చేశారు?" అని అడుగుతా. ఇంకోటి, "20 లక్షల కుర్రాడికి ఎన్ని మ్యాచ్‌లు ఇస్తారు?"

ఈ రెండోది మనకి చాలా ముఖ్యం. మన విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి. 20 లక్షలకి తీసుకున్నారు, 2023లో రెండే రెండు మ్యాచ్‌లు ఆడించారు. 2024లో అదే కుర్రాడికి 13 మ్యాచ్‌లు. పంజాబ్ మీద వికెట్లు పడిపోతుంటే 37 బంతుల్లో 64. మొత్తం 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డ్. డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ కొట్టాడు, ఎదురుగా ఆస్ట్రేలియా కెప్టెన్ మళ్లీ కమిన్సే! 2023లో ఆ కుర్రాడికి ఆట రాక కాదు కదా, పంపినోడు లేడు. సాలూరు, పాచిపెంట, పార్వతీపురం గ్రౌండ్లలో సాయంత్రం టెన్నిస్ బాల్ ఆడుతున్న పిల్లలకి హెడ్ కోచ్ ఎవరన్న ప్రశ్న అందుకే దూరంది కాదు. ఏదో ఒకరోజు వాళ్లలో ఒకడు డగౌట్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చుంటే, "నువ్వెళ్లు" అనాల్సింది ఆయనే.

సరే, మీ వంతు. కామెంట్‌లో కోచ్ పేరు ఒక్కటే పెడితే ఒప్పుకోను. పక్కన కెప్టెన్ పేరు కూడా రాయాలి, ఆ ఇద్దరికీ ఎందుకు కుదురుద్దో ఒక్క లైన్ రాయాలి. మంచివి పట్టుకుని వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ఉంటాను.