పోర్చుగీసు కస్టర్డు టార్టు

లిస్బన్ నగరమునకు పడమరగా, టేగస్ నది ఒడ్డున బెలేం అను పేట ఉన్నది. 1497లో వాస్కో డ గామా నావలు మన దేశమునకు దారి వెదకుచు బయలుదేరినది ఇక్కడినుండియే. ఆ తరువాత మాన్యుయెల్ రాజు 1501లో ఇక్కడ జెరోనిమోస్ అను మహామఠమును కట్టింప మొదలిడినాడు. గామా సమాధి ఇప్పుడు ఆ మఠపు చర్చిలోనే ఉన్నది. చరిత్ర పుస్తకములు ఇంతవరకు చెప్పును. ఆ మఠము నీడలో పేరు తెచ్చుకొన్న ఒక తినుబండారమును గురించి మాత్రము చెప్పవు. నేను ఈ పూట మీతో ముచ్చటింపదలచినది దానిని గురించియే.

అరచేతిలో ఇముడునంత పరిమాణము. పెళపెళలాడు పొరలుగల మైదా గిన్నె. దానినిండ పాలు, పంచదార పాకము, గుడ్డు పచ్చసొన కలిసి పేరుకొన్న కస్టర్డు. పైన అక్కడక్కడ మాడిన నల్లని మచ్చలు. దీనిని పాస్తెల్ ద నాతా అందురు. నాతా అనగా మీగడ. నేడు పెక్కుమంది మీగడ వేయక పాలతోనే చేయుచున్నారు. పేరు మాత్రము నిలిచినది.

ఆ దేశపు మఠములలో దుస్తులకు గంజి పెట్టుటకు తెల్లసొన వాడెడివారనియు, మిగిలిపోయిన పచ్చసొనతో ఏమి చేయవలెనో తోచక మిఠాయిలు కల్పించిరనియు చెప్పుకొందురు. మదీరా దీవినుండి, పిదప బ్రెజిల్ నుండి వచ్చిన చెరకు పంచదార వారికి కొదువలేదు. 1834లో అంతర్యుద్ధము ముగిసి, ప్రభుత్వము మఠములను రద్దుచేసినది. 1837లో బెలేంలో, చక్కెర శుద్ధిచేయు కర్మాగారము ప్రక్కన ఒక దుకాణములో ఈ టార్టులు చేసి అమ్మసాగిరి. ఆ దుకాణము నేటికిని నడచుచున్నది. అసలు పాళ్లు అక్కడ కొద్దిమందికే తెలియును. బెలేం పేరు వారి సరుకుకే చెల్లును. తక్కినవారందరు నాతా అనియే అమ్ముకొందురు.

కాని రహస్యము పాళ్లలోకన్న నిప్పులో ఎక్కువ ఉన్నదని నా నమ్మకము. ఊరక అనుట లేదు, చెడగొట్టి తెలిసికొన్నాను. మొదటిసారి కేకునకువలె 180 డిగ్రీల వేడిలో 40 నిమిషములు ఉంచితిని. వెన్న కరిగి అచ్చులలో మడుగు కట్టినది. పైన ఒక్క మచ్చయైనను పడలేదు. అడుగున పిండి నానిన రొట్టెవలె నుండెను. మా ఇంటివారు చెంచాతో కస్టర్డు మాత్రము తిని, జున్ను బాగున్నదనిరి. అంతకన్న మర్యాదగా తప్పు పట్టుట ఎవరికి చేతనగును?

గుడ్డు ముట్టని ఇండ్లవారు దీనిని కథగా వినవచ్చును. గుడ్డు లేకుండ చేసినచో అది వేరొక వంటకమగును. ఇక తక్కినవారు పాళ్లు వ్రాసికొనవచ్చును. ఇవి 12 టార్టులకు సరిపోవును.

150 గ్రాముల మైదాలో చిటికెడు ఉప్పు, సుమారు 100 మిల్లీలీటర్ల చల్లని నీరు పోసి మెత్తగా కలిపి, పావుగంట తడిగుడ్డ క్రింద ఉంచవలెను. 120 గ్రాముల ఉప్పులేని వెన్న కావలెను. ఇంట చిలికిన వెన్నలో నీటిపాలు ఎక్కువ. బజారు వెన్నయే మేలు. పిండిని చతురస్రముగా వత్తి, మూడవవంతు వెన్నను పులిమి, ఉత్తరము మడచినట్లు మూడు మడతలు వేసి, మరల వత్తి, మరల పులిమి మడువవలెను. మూడవసారి వెన్న పులిమిన పిమ్మట మడువక, చాపవలె బిగువుగా చుట్టవలెను. మడత కాజా చేయువారిని చూచినవారికి ఈ పని సగము తెలిసినట్లే. మన వేసవిలో వెన్న నిలువదు గనుక, ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకొని, ప్రతి మడతకు నడుమ పిండిని ఫ్రిజ్‌లో ఉంచుట మంచిది.

చుట్టను 12 ముక్కలుగా కోసి, కోసిన ముఖము పైకి వచ్చునట్లు ఒక్కొక్క దానిని కప్‌కేకు అచ్చులో ఉంచి, బొటనవ్రేలు నీటిలో ముంచి, నడుమనుండి అంచులకు నొక్కవలెను. అడుగు పలుచగాను, అంచు కొంచెము మందముగాను ఉండవలెను. అప్పడాల కర్ర ఇక్కడ పనికిరాదు, వ్రేలే సాధనము.

కస్టర్డునకు 250 మిల్లీలీటర్ల పాలు, 30 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదార, 6 పచ్చసొనలు. మైదాను కొద్ది చల్లని పాలలో ఉండలు లేకుండ కలిపి, తక్కిన పాలలో దాల్చినచెక్క, నిమ్మతొక్క వేసి కాచి, రెంటిని చేర్చి చిక్కబడువరకు ఉడికింపవలెను. నిమ్మతొక్కలో పైపసుపే కావలెను. లోపలి తెలుపు చేదు. వేరొక గిన్నెలో పంచదారకు 100 మిల్లీలీటర్ల నీరు పోసి, తీగపాకము రానున్నదనగా దింపవలెను. అరిసెల పాకము పట్టగల చేతికి ఇది కష్టము కాదు. పాకమును సన్నధారగా పాలలో పోయుచు కలిపి, గోరువెచ్చగా అయిన తరువాతనే పచ్చసొనలు చేర్చి వడకట్టవలెను. ఆ మైదా, ఆ పంచదారలే తీవ్రమైన వేడికి సొన విరుగకుండ కాపాడును. అందుచేతనే ఇందులో నిప్పునకు భయపడ నక్కరలేదు.

బేకరీ భట్టీల వేడి ఇంటి ఓవెనునకు రాదు. అది సామాన్యముగా 250 డిగ్రీల దగ్గర ఆగిపోవును. కనుక ఒక బరువైన ఇనుప పళ్లెమును లోపల ఉంచి, అరగంటకు తక్కువ కాకుండ పూర్తి వేడిలో కాచి, ముప్పాతిక వంతు నింపిన అచ్చులను దానిమీద పెట్టవలెను. 12 నుండి 15 నిమిషములలో కస్టర్డు పొంగి, అంచులు ఎర్రబడి, పైన మచ్చలు తేలును. మాడుచున్నదని తొందరపడి తీయరాదు. బయటకు రాగానే పొంగు అణగును. అది లోపము కాదు. మచ్చలు చాలినన్ని పడకున్నను చింతింపవలదు, అడుగు కరకరలాడిన చాలును. 1989లో ఆండ్రూ స్టో అను ఆంగ్లేయుడు, అప్పటికి పోర్చుగీసు పాలనలోనున్న మకావులో, తనకు తోచినట్లు పాళ్లు మార్చి చేసిన టార్టు చైనాలో ఎంతో పేరు పొందినది. మన మార్పులు అంతకన్న చిన్నవే.

గోరువెచ్చగా ఉండగనే, పైన దాల్చినచెక్క పొడి చల్లి తినవలెను. మరునాటికి అడుగు మెత్తబడును. వేడి ఓవెనులో కొద్ది నిమిషములు ఉంచిన కొంత కోలుకొనును. ఇక మిగిలిన ఆరు తెల్లసొనల మాట. ఆ మఠములవారి చిక్కు మనకు తలక్రిందుగా వచ్చినది. మా ఇంట దుస్తులకు ఇంకను బియ్యపు గంజియే పెట్టుచున్నాము గనుక, అవి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో అట్టు అగుచున్నవి.