బీ ఫారం మీద పేరు ఎవరు రాయాలి?

(రావికమతంలో కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఓటేసే రోజే ఎన్నిక అనుకుంటాం. కానీ అంతకు ముందే ఇంకో ఎన్నిక అయిపోతుంది. ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నిక అది. ఎక్కడ జరిగిందో, ఎవరు కూచుని తేల్చారో మన పేటలకి తెలీదు. గోడ మీద పోస్టరు పడ్డాకే పేరు తెలుస్తుంది. ఇవాళ ఆ మొదటి ఎన్నిక గురించే మాట్లాడుకుందాం.

పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఏ ఫారం చెబుతుంది. అభ్యర్థి ఎవరో బీ ఫారం చెబుతుంది. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా అది ఎన్నికల అధికారికి అందాలి. ఆ పేరుని పార్టీ ఎలా ఎంచుకోవాలో మాత్రం ఏ చట్టమూ చెప్పదు. పార్టీల లోపల కూడా ప్రజాస్వామ్యం ఉండాలని 1999లో లా కమిషన్ 170వ నివేదికలో సిఫార్సు చేసింది. అది చట్టం కాలేదు. కాబట్టి ఆ పద్ధతి మనమే పెట్టుకోవాలి.

చిన్న పార్టీవాళ్లం, మనకెందుకీ పద్ధతులు అంటారు కొందరు. పద్ధతి నేర్పింది చిన్న పార్టీలే! అమెరికాలో చాలా ఏళ్లు అధ్యక్ష అభ్యర్థిని చట్టసభ సభ్యులే తమలో తాము తేల్చేసేవారు. 1831 సెప్టెంబరులో మేసన్ల వ్యతిరేక పార్టీ అనే చిన్న పార్టీ బాల్టిమోర్ నగరానికి రాష్ట్రాల నుంచి ప్రతినిధులను పిలిచి, సభ పెట్టి అభ్యర్థిని ఎన్నుకుంది. ఎన్నికలో ఒక్క వెర్మాంట్ రాష్ట్రమే గెలిచింది. కానీ ఏడాది తిరక్కుండానే పెద్ద పార్టీలు కూడా అలాంటి సభలే పెట్టుకున్నాయి. తర్వాత బానిసత్వం పోవాలని లిబర్టీ పార్టీ పుట్టింది. 1843లో బఫెలోలో జరిగిన దాని మహాసభలో, బానిసగా పుట్టిన హెన్రీ హైలాండ్ గార్నెట్ పాల్గొని మాట్లాడాడు. ఆ పార్టీ ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. అయినా నల్లవాళ్లు కూచుని అభ్యర్థిని తేల్చే చోటు ఒకటి ఏర్పడింది.

ఇక మన సంగతి. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రాష్ట్రాల చట్టసభల్లో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. అందులో ఒక ఏర్పాటుంది. ముందు దళిత ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో నలుగురిని ఎంచుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి గెలిపించాలి. పేరు చెప్పేది మనం, గెలుపు తేల్చేది ఊరు. 1945-46లో ఏమైంది? ప్రాథమిక ఎన్నికలో మనవాళ్లు ముందు నిలబెట్టిన ఫెడరేషన్ అభ్యర్థులు అసలు ఎన్నికలో ఓడిపోయారు. ఆ తర్వాత ఆ ప్రాథమిక ఎన్నిక కూడా పోయింది. రిజర్వుడు సీటు మిగిలింది గానీ పేరు చెప్పే హక్కు పెద్ద పార్టీల ఆఫీసులకి పోయింది.

అందుకే సొంత పార్టీ కావాలన్నారు బాబాసాహెబ్. 1942 జులైలో నాగపూర్ మహాసభలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఏర్పడింది. 1952లో ఆ ఫెడరేషన్ లోక్‌సభలో గెలిచినవి రెండే సీట్లు. అందులో ఒకటి మన తెలుగు నేల మీదిదే. కరీంనగర్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. 1957 అక్టోబరు 3న అదే నాగపూర్‌లో రిపబ్లికన్ పార్టీ పుట్టింది. ఆ పార్టీ తరఫున ఈశ్వరీబాయి ఎల్లారెడ్డి నుంచి 1967లోనూ, 1972లోనూ శాసనసభకు గెలిచారు. రిజర్వేషన్ ఒక్కటే కాదు, సొంత జెండా కూడా మనిషిని గెలిపించగలదని ఆమె చూపించారు. కానీ పార్టీ నిలబడిందా? నాయకుల్ని బట్టి, పొత్తుల్ని బట్టి ముక్కలైంది.

1984 ఏప్రిల్ 14న బహుజన సమాజ్ పార్టీ వచ్చింది. 1994లో మన రాష్ట్రంలో పోటీ చేసింది, ఒక్క సీటూ రాలేదు. 2014లో తెలంగాణలో నిర్మల్, సిర్పూర్ గెలిచింది. గెలిచిన ఇద్దరూ అంతకు ముందు కాంగ్రెస్ ఎమ్మెల్యేలే. ఏనుగు గుర్తు మీద గెలిచి, కొద్ది నెలలకే అధికార పార్టీలో చేరిపోయారు. గోడలు రాసినవాళ్లు, జెండా మోసినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. ఓడిపోతే మళ్లీ నిలబడొచ్చు. ఇలా గెలిస్తే ఏం చెయ్యాలి?

డబ్బున్నవాడైతేనే గెలుస్తాడు అంటారు. గెలిచి ఎవరి దగ్గరికి పోతాడో కూడా అడగండి. మన రావికమతం చోడవరం నియోజకవర్గంలో ఉంది, జనరల్ సీటు. జనరల్ అంటే మనం నిలబడకూడదని ఎక్కడా రాసిలేదు. అసెంబ్లీకి డిపాజిట్ 10 వేలు. మనకైతే జనరల్ సీట్లోనైనా 5 వేలే. పేటపేటా తలా కాస్త వేసుకుంటే డిపాజిట్‌కి ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేదు.

మేం అడిగేది ఇదీ. ఎంపీటీసీ ఎన్నికల నుంచే మొదలెడదాం. మాలపేట, మాదిగపేట, రెల్లివీధి విడివిడిగా కాదు, ఒకేచోట కూచోవాలి. పేటకి ఇద్దరు ప్రతినిధులు, అందులో ఒకరు ఆడమనిషి. నిలబడతానన్నవాళ్లు అందరి ముందూ నిలబడి జవాబు చెప్పాలి. భూమి తగాదాలో ఎటు నిలబడ్డావు? అప్పు ఎవరి దగ్గరుంది? గెలిచాక పార్టీ మారితే మేం ఏం చెయ్యాలి? తర్వాత చీటీలు వెయ్యాలి. తేలిన పేరు పుస్తకంలో రాసి అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి. ఆ పేరే బీ ఫారం మీద రావాలి. పైనుంచి ఇంకో పేరొస్తే ఆ పుస్తకం పట్టుకెళ్లి కారణం అడగాలి. కారణం చెప్పలేని నాయకుడికి మన గోడల మీద చోటివ్వొద్దు.

ఓటు హక్కు బాబాసాహెబ్ తెచ్చి మన చేతిలో పెట్టారు. పేరు చెప్పే హక్కు మనమే తెచ్చుకోవాలి. ఈ పక్షంలోనే మీ పేటలో కూచోండి. ఇద్దరి పేర్లు రాసి పంపండి. జై భీమ్!