‘మెల్లగా మాట్లాడు’ అని మనకెవరు నేర్పారు?



ఈ ఏడాది పరిశోధనలో చేరిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నాలుగు మాటలు చెప్పమన్నారు. థీసిస్ ఎలా రాయాలో చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను మా అక్క కూతురి దగ్గర నేర్చుకున్న సంగతి చెబుతాను. దానికి నాలుగేళ్ళు. అంగన్‌వాడీకి వెళుతుంది.

పోయిన మిరపకోతల కాలంలో నెల రోజులు మా ఊళ్ళో, గుంటూరు జిల్లాలో ఉన్నాను. నేను లాప్‌టాప్ తెరిస్తే పాప పక్కన చేరి “ఏం రాస్తున్నావ్ పిన్నీ?” అనేది. చెప్పేదాన్ని. “నాకర్థం కాలా, మళ్ళీ చెప్పు” అనేది. మూడోసారి చెప్పబోయేసరికి, ఆ విషయం నాకే సరిగ్గా తెలియదని తేలిపోయేది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పీహెచ్‌డీలో చేరాక మొదటి రెండేళ్ళు సెమినార్ హాల్లో “నాకర్థం కాలేదు” అని నేను ఒక్కసారి కూడా అనలేదు. అంటే, “రిజర్వేషన్‌లో వచ్చింది కదా” అనుకుంటారని భయం. అందరితోపాటు తల ఊపి, రాత్రి హాస్టల్ గదిలో ఒంటరిగా ఆ పుస్తకాలతో కుస్తీ పట్టేదాన్ని.

ఒక సాయంత్రం కూలి డబ్బుల కోసం అమ్మతోపాటు నేనూ పాపా ఆసామి ఇంటికి వెళ్ళాం. వాకిట్లో నిలబెట్టి టీ ఇచ్చారు. తాగాక అమ్మ మా మూడు గ్లాసులూ కడిగి పశువుల కొట్టం గోడ మీద బోర్లించింది. “అమ్మమ్మా, వాళ్ళ గ్లాసులు ఇంట్లో ఉన్నాయిగా, మనవి ఇక్కడెందుకు?” అని పాప గట్టిగా అడిగింది. అమ్మ దాని చెయ్యి నొక్కి “మెల్లగా మాట్లాడు” అంది. అమ్మను తప్పుపట్టను. మర్నాటి కూలి కూడా ఆ ఇంటిదే. కానీ నేను? రెండు గ్లాసుల పద్ధతి మీద ఒక అధ్యాయం రాసినదాన్ని. రాజ్యాంగం 17వ అధికరణం నాకు కంఠతా వచ్చు. ఆ గోడ ముందు నాకూ నోరు పెగల్లేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. పాప ఈసారి ఏమీ అడగలేదు. టీ తాగి, తన గ్లాసు తానే తీసుకెళ్ళి గోడ మీద బోర్లించింది. “బంగారుతల్లి” అని అమ్మ మెచ్చుకుంది. నా గుండె కలుక్కుమంది.

పిల్లలకు కులం తెలియదని అంటుంటాం. తెలుస్తుంది. ఒక్క వారం చాలు. పాఠం చెప్పక్కర్లేదు, చెయ్యి నొక్కితే చాలు.

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో 1901 నాటి ప్రయాణం గురించి రాశారు. తండ్రి దగ్గరకు బయలుదేరిన పిల్లలకు కులం కారణంగా మొదట బండి కట్టేవాడు దొరకలేదు, దారిలో గుక్కెడు నీళ్ళు పుట్టలేదు. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడం ఆయనకు అప్పటికే అలవాటు. అంతవరకూ మామూలుగా అనిపించిన అంటరానితనం గురించి ఆ ప్రయాణమే తనను ఆలోచింపజేసిందని రాశారు. మామూలైపోయినదాన్ని మళ్ళీ వింతగా చూడగలగడమే ప్రశ్నకు మొదలు. మా పాపకు అది పుట్టుకతో ఉంది. నేను పోగొట్టుకున్నాను.

అందుకే మీకు చెప్పేదొక్కటే. క్లాసులో అర్థం కాకపోతే అర్థం కాలేదని అనండి. అది మీ కులం లోపం కాదు, చెప్పేవాళ్ళ బాధ్యత. మీ పక్కవాళ్ళు అడిగినప్పుడు వాళ్ళ చెయ్యి నొక్కకండి.

ఆ రాత్రి పాపతో అన్నాను: “నువ్వు ఆరోజు అడిగింది మంచి ప్రశ్నే. నాకు భయమేసి మాట్లాడలేదు.” అది కాసేపు చూసి, “అయితే మళ్ళీ అడగనా?” అంది.

“అడుగు. ఈసారి నేనూ అడుగుతా” అన్నాను.

ఆ మాట ఇంకా బాకీ ఉన్నాను. ఈ కోతలకు ఊరికి వెళుతున్నాను.

జై భీమ్.